పూజకు పెట్టని స్పానరు

మా పెద్దనాయన పోయిన కబురు నాకు మదురైలో, కాలేజీ హాస్టలు గేటు దగ్గర అందింది. కోయంబత్తూరు నుంచి బస్సులో వచ్చిన మా వీధి అన్న తమిళంలో మొదలుపెట్టి, మధ్యలో ఆగి, ఇంటి మాటలోకి వచ్చి చెప్పాడు.

"పెద్దయ్య పోయిండాడు కణ్ణు. బండిలో కూచోనే పోయిండాడు. బండి నడుస్తానే ఉండాది."

కణ్ణు అని పిల్లలందరినీ పిలిచేది పెద్దనాయనే. ఆ పిలుపు వీధి మొత్తానికి అంటుకుంది. అది ఇంకొకరి నోట విన్నప్పుడు, ఆయన లేడన్న సంగతి నాకు మొదటిసారి అర్థమైంది.

ప్రతి పొద్దూ మిల్లు సంగు, అంటే సైరను, కూసేసరికి ఆయన షెడ్డులో ఉన్న పాత నల్ల కారును స్టార్టు చేసేవాడు. ఎక్కడికీ పోవడానికి కాదు. కాసేపు నడవనిచ్చి, చెవి ఒగ్గి విని, ఆపేసి టీ తాగడానికి వచ్చేవాడు. ఆ పొద్దు టీ చల్లారిపోయింది. మా నాన్న షెడ్డుకు వెళ్లి చూస్తే ఆయన సీటులో తల వెనక్కి వాల్చి ఉన్నాడట. ఇంజను మెత్తగా, ఒక్క తీరుగా నడుస్తోందట. నాన్న దాన్ని ఆపడానికి చెయ్యి చాచి, చాలాసేపు ఆపలేకపోయాడట.

స్నానం చేయించేటప్పుడు చొక్కా జేబులోంచి ఒక అరంగుళం స్పానరు బయటపడింది. మా వీధిలో ఎవరూ అదేమిటని అడగలేదు. అందరికీ తెలుసు. ఇది చదివే మీకు తెలియదు కాబట్టి చెబుతాను.

నేను బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు ఈ మధ్యే నేర్చుకున్నాను. కొత్త మాట ఏది దొరికినా ఎక్కడో ఒకచోట వాడాలని నా చెయ్యి దురద పెడుతుంది. ఆయన గురించి రాద్దామని కూర్చున్నప్పుడు శ్వాసకోశం, ప్రాణవాయువు లాంటివి వరసగా గుర్తొచ్చాయి. ఒక్కటీ ఆ షెడ్డులో ఇమడలేదు. ఊపిరి అన్న మాట ఒక్కటే ఇమిడింది. ఆయన బతుకంతా దాని చుట్టూనే తిరిగింది.

ఆయన మిల్లు కార్ల షెడ్డులో మెకానిక్కు. మిల్లు యజమాని, మా మొదలాళి, కొత్త కారు కొన్నాక పాతది గోడౌను వెనక ఎండకూ వానకూ పడి ఉంటే అడిగి తెచ్చుకుని, మా వీధి చివర రేకుల షెడ్డు వేసి అందులో పెట్టాడు. దానిలో ఆయన ఒక్కనాడూ షికారుకు వెళ్లలేదు. ప్రసవానికి వెళ్లాలన్నా, మిల్లులో చెయ్యి నలిగినా, పిల్లవాడికి జ్వరంతో కళ్లు తేలేసినా వీధికి ఉన్న బండి అదొక్కటే.

ఇంజను పని ఆయన చెవితో చేసేవాడు. మూరెడు రబ్బరు ట్యూబు ఒక కొన చెవిలో పెట్టుకుని, రెండో కొన మేనిఫోల్డు వెంబడి మెల్లగా జరుపుతూ పోయేవాడు. కార్బరేటరులో గాలీ పెట్రోలూ కలిస్తే, ఆ కలిసినదాన్ని ఇంజను గదులకు పంచే గొట్టమే మేనిఫోల్డు. దానికి వెంట్రుకంత చీలిక ఉన్నా ఇంజను అక్కడినుంచి దొంగ గాలి పీలుస్తుంది. పీల్చినచోట సన్నగా ఈల వేస్తుంది. ఆ ఈల ట్యూబులో వినబడగానే ఆయన కళ్లు మూసుకునేవాడు. "బండి నోరు వినొద్దు కణ్ణు, ఊపిరి విను. నోరు అబద్ధమాడతాది, ఊపిరి ఆడదు" అనేవాడు. నోరంటే సైలెన్సరు. ఎంత చెడిపోయిన బండైనా వెనకనుంచి గట్టిగా అరవగలదని ఆయన చెప్పేవాడు.

కార్బరేటరులో పెట్రోలు చిమ్మే చిన్న ఇత్తడి జెట్లను వెలుతురుకు ఎత్తి పట్టి, సూదిమొనంత రంధ్రంలోంచి ఆకాశం కనబడుతోందో లేదో చూసేవాడు. తరవాత నోటితో ఊదేవాడు. పెట్రోలు రుచి పోవడానికి ఒక లవంగం బుగ్గన పెట్టుకునేవాడు. అందుకే ఆయన దగ్గర ఎప్పుడూ పెట్రోలూ లవంగమూ కలిసిన వాసన. ఇప్పుడు బస్టాండులో ఆ వాసనలో సగం తగిలినా నేను వెనక్కి తిరిగి చూస్తున్నాను.

ఆయన షెడ్డులో ఒక కట్టడి ఉండేది. మిల్లు ఊరిలో చెయ్యి తుడవడానికీ నూనె తుడవడానికీ అందరూ వాడేది మిల్లు నుంచి వచ్చే వేస్టు దూదే, మా మాటలో పంజు. ఆయన దాన్ని ఇంజను పక్కకు రానిచ్చేవాడు కాదు. మేనిఫోల్డు విప్పినప్పుడు, తెరుచుకున్న రంధ్రాల్లో ఏమీ పడకుండా, మా పెద్దమ్మ పాత చీరలు చింపి కుక్కేవాడు. ఒకసారి పక్క షెడ్డు ఆయన నవ్వాడు.

"ఏమన్నా, మిల్లు నిండా పంజు పెట్టుకోని, చీర చింపుతుండావా?"

"పంజు లోపలికి పొయ్యేది కంటికి తెలీదు తంబీ. పోయిందంటే బయటికి రాదు."

ఆ మాట అన్నాక ఆయన ఇంటి వైపు చూశాడు. ఇంట్లో పెద్దమ్మ దగ్గుతోంది.

పెద్దమ్మ మిల్లులో కార్డింగులో పనిచేసేది. దూదిని దువ్వే యంత్రాల దగ్గర గాలంతా తెల్లగా ఉంటుంది. షిఫ్టు దిగి వచ్చేటప్పుడు ఆమె కనుబొమ్మలు, వెంట్రుకలు, ముక్కుపుడక కూడా నెరిసిపోయి ఉండేవి. "చూడు కణ్ణు, పొద్దున కోడలుగా పోయి సాయంత్రం అత్తగా వచ్చిండా" అనేది. మా అవ్వ, అంటే ఆమె అత్త, "ఉండు, నా పెత్తనం నీకెవురిచ్చిరి?" అని దబాయించి, కొంగుతో ఆమె ముఖం తుడిచేది. వాళ్లిద్దరి మధ్య గొడవలన్నీ ఆ తీరుగానే ఉండేవి.

సెలవు మరునాడు, మళ్లీ ఆ దూది గాలిలోకి వెళ్లేసరికి, పెద్దమ్మకు ఊపిరి మరీ కష్టమయ్యేది. ఒకరోజు ఆమే రొమ్ము మీద చెయ్యి వేసుకుని పెద్దనాయనను ఎగతాళి చేసింది.

"ఏమండీ, బండికేనా ఆ ట్యూబు? నా నెంజుకు పెట్టి చూడండి. ఏం కూస్తుందో నాకూ చెప్పండి."

"నీ నోరు ఆగితే కదా, లోపలిది వినబడేది?"

అవ్వ పకపకా నవ్వింది. పెద్దనాయన కూడా నవ్వుతూనే ట్యూబు కొన ఆమె వీపుకు ఆనించాడు. విన్నాడు. ఆయన నవ్వు ఎక్కడ ఆగిపోయిందో నేను చూశాను. "ఏమన్నాది?" అని పెద్దమ్మ అడిగితే, "సీక్రం వంట చెయ్యమన్నాది" అన్నాడు. ఆ ట్యూబును తీసుకెళ్లి షెడ్డు గోడకు ఉన్న మేకుకు తగిలించాడు. మళ్లీ దాన్ని ఆయన చెవిలో పెట్టుకోగా నేను చూడలేదు. అటుతరవాత పొడుగు స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించుకుని వినేవాడు.

పెద్దాస్పత్రి డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఊపిరి బిగిసినప్పుడు ఇంట్లో కషాయాలు కాస్తూ కూర్చోవద్దు, వెంటనే తీసుకురండి, గాలి పెట్టాలి, ఆలస్యమైతే మా చేతిలో ఉండదు. ఆ రోజు నుంచి నల్ల కారు స్టార్టవుతుందా లేదా అన్నదే మా ఇంటికి ప్రాణప్రశ్న అయింది. కారు పరిస్థితి కూడా పెద్దమ్మలాగే ఉంది. మేనిఫోల్డు నట్టు బిగించే చెవి దగ్గర చీలింది. కార్బరేటరులో రేకు తిరిగే ఇరుసు అరిగి వదులైంది. పొద్దున చలికి దగ్గి, దగ్గి, ఆగిపోయేది. పూతలు పూసి కొన్నాళ్లు నెట్టుకొచ్చాడు. ఒక పొద్దు అది అసలు పలకలేదు. పెద్దమ్మ ఆ పూట బాగానే ఉంది. అయినా పెద్దనాయన అన్నం తినలేదు.

ఆ కారుకు సరిపోయే సామాను బజారులో దొరకదు. పొల్లాచ్చిలో ఒక కొబ్బరి వ్యాపారి కళ్లం పక్కన అదే రకం కారు ఒకటి తుప్పు పట్టి ఉందని విని వెళ్లాడు. మేనిఫోల్డూ కార్బరేటరూ విప్పి గోనెపట్టాలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. మేనిఫోల్డు గొట్టాలు నాలుగు కాళ్లలా బయటికి పొడుచుకొచ్చిన ఆ మూటను చూసి కండక్టరు, "ఏంటన్నా, మేక కాళ్లా? సూపు పెద్దదే" అన్నాడట. "మా ఇంటామెకు" అన్నాడట పెద్దనాయన. మూట విప్పితే ఇంటినిండా కొబ్బరి వాసన. పెద్దమ్మ మేనిఫోల్డును వాసన చూసి, "దీంట్లో తాళింపు వెయ్యొచ్చు" అంది.

ఆయుధ పూజకు మిల్లు మూసే వారం ఆయన పని మొదలుపెట్టాడు. నీళ్లు దించి, పెట్రోలు పైపు ఊడదీసి, చోకు తీగె విప్పి, పాత కార్బరేటరు తీశాడు. మేనిఫోల్డు నట్లు తుప్పుతో అతుక్కుపోయి ఉన్నాయి. కిరోసిను పోసి నానబెట్టి, కొంచెం బిగించి, కొంచెం వదిలించి, బతిమాలినట్టు విప్పాడు. అయినా నట్టు ఎక్కే మర చువ్వ, స్టడ్డు, ఒకటి ఇంజనులోనే విరిగిపోయింది. తొందరపడితే ఇంజను గుల్లే పగులుతుంది. దాన్ని తొలిచి తీసి, కొత్తది బిగించేసరికి పూజ రోజు వచ్చింది. ఇక మిగిలింది సందులో గాలి కారకుండా గాస్కెట్టు అట్ట పెట్టడం, మేనిఫోల్డు బిగించడం, దాని మీద కార్బరేటరు కూర్చోబెట్టడం. ఒక పూట పని కూడా కాదు.

"బిగించేసి, అప్పురం బండికే పూజ చేస్తాం" అన్నాడు.

పెద్దమ్మ ఒప్పుకోలేదు. "కొత్త సామాను ఇంటికి వచ్చి పూజ కాకముందరే బిగిస్తారా? రేపు పొద్దున తీసి మంచి గడియలో బిగించండి."

ఇది మా వీధిలో మీరు ఏ ఇంటికి వెళ్లినా కనబడే కట్టుబాటే. మేం పనిముట్ల మీద బతికే మనుషులం. పూజలో పెట్టిన పనిముట్టును మరునాడు పొద్దున మళ్లీ దీపం పెట్టేదాకా ముట్టకూడదు. ఆ ఒక్కరోజు అమ్మవారు వాటిలో కూర్చుంటుంది. ఏడాదంతా మన కోసం అరిగినవాటికి అది విశ్రాంతి.

పెద్దమ్మ స్పానర్లన్నీ కుంకుడు రసంతో కడిగింది. అరిటాకు మీద పెద్దదాని నుంచి చిన్నదాకా వరసగా పేర్చింది. ఒక్కొక్కదానికి గంధం, కుంకుమ పెట్టింది. మేనిఫోల్డును మధ్యలో కూర్చోబెట్టి, నాలుగు కాళ్లకూ నాలుగు బొట్లు పెట్టింది. కార్బరేటరు మీద బంతిపూల దండ వేసింది. అది ఏదో ఊరి దేవతలాగే కనబడింది. పెద్దమ్మ మధ్యమధ్య ఆగి గోడ పట్టుకుంటూ, మళ్లీ బొట్లు పెడుతూ ఉంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమెకు ఊపిరి బిగిసింది. చాప మీద కూర్చుని, రెండు చేతులూ నేలకు ఆనించి, భుజాలతో గాలి లాగుతోంది. నేను పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతున్నాను. పెద్దనాయన లేచి పూజగది వైపు నడిచాడు.

"ముట్టొద్దండి," అంది పెద్దమ్మ. ఒక్కో మాటకూ మధ్య గాలి పీలుస్తోంది. "అమ్మవారి ముందర... పెట్టింది. పొద్దున దాకా... నాకేం కాదు."

ఆయన అవ్వ వైపు చూశాడు.

"పూజలో పెట్టింది తీస్తే ఇంటికే చేటు నాయనా," అంది అవ్వ. "కషాయం కాస్తా. అడంగుతుందిలే. ప్రతిసారీ అడంగలేదా?"

ఆయన గడపలో నిలబడిపోయాడు. మా నాన్న బండి కోసం మిల్లు గేటు దాకా పరుగెత్తాడు. గేటుకు తాళం, మిల్లు వ్యానుకు దండ, డ్రైవరు తన ఊరు వాడిపట్టిలో. రిక్షా కోసం వెళ్లిన వీధి కుర్రాడు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. బస్సు రోడ్డు దాకా ఆమె నడవలేదు. కాసేపు తగ్గినట్టే అనిపించింది. "చూసినారా, చెప్పినా కదా" అని పెద్దమ్మ నవ్వింది కూడా. పెద్దనాయన ఆ మాటే విన్నాడు. ఆమె వెనక కూర్చుని వీపు నిమురుతూ, ఆమె మాటే విన్నాడు.

దీపాలవేళకు ఆమె పెదవులు నల్లబడ్డాయి. అప్పుడు ఆయన ఎవరినీ అడగలేదు. పూజగదిలోకి వెళ్లి, దండ తెంపి, మేనిఫోల్డూ కార్బరేటరూ చంకన పెట్టుకుని, అరంగుళం స్పానరు పట్టుకుని షెడ్డుకు పరుగెత్తాడు. అవ్వ దీపం కొండెక్కకుండా చేతులు అడ్డం పెట్టి అక్కడే నిలబడింది.

షెడ్డు మా ఇంటి గోడకు ఆనుకునే ఉంది. పని శబ్దాలన్నీ చాప మీదికి వినబడుతున్నాయి. రంధ్రాల్లోంచి చీర గుడ్డలు లాగడం, గాస్కెట్టు పెట్టడం, మేనిఫోల్డు ఇనుముకు ఇనుము తగిలి కూర్చోవడం. ఎంత తొందరలోనూ ఆయన నట్లను నడుమ నుంచి మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా కొసలకు బిగించాడని మా నాన్న తరవాత చెప్పాడు. కొసల నుంచి బిగిస్తే నడుమ పగులుతుంది. నట్ల మీదంతా కుంకుమ అంటిందట.

"బండి పలికిందా కణ్ణు?" అని పెద్దమ్మ నన్ను అడిగింది.

"ఇంకా లేదు పెద్దమ్మా."

కాసేపటికి మళ్లీ అడిగింది. ఆ తరవాత కళ్లతో అడిగింది. అంతలో ఇంజను పలికింది. దగ్గలేదు, ఆగలేదు. మొదటి తిప్పుకే అందుకుని, మెత్తగా, ఒక్క తీరుగా నడిచింది. పెద్దమ్మ తల కొంచెం పక్కకు వంచింది.

"ఓట్ట లేదు," అంది.

ఓట్ట అంటే చీలిక, గాలి కారే చోటు. ఆమె చెప్పిన చివరి మాట అది. నాన్న, పెద్దనాయన ఆమెను ఎత్తి వెనక సీటులో పడుకోబెట్టారు. ఆస్పత్రి గేటు ఇంకా రాకముందే ఆమె ఊపిరి ఆగింది. పెద్దనాయనకు తెలిసింది. అయినా బండిని ఆస్పత్రి లోపలి దాకా నడిపాడు. ఆ బండి అంత బాగా ఎప్పుడూ పరిగెత్తలేదని ఆయన ఎన్నో ఏళ్ల తరవాత ఒక్కసారే నాతో అన్నాడు. అన్నాక లవంగం కోసం జేబు తడుముకున్నాడు.

మరుసటి ఏడు ఆయుధ పూజకు అవ్వే స్పానర్లు కడిగి అరిటాకు మీద పేర్చింది. వరసలో ఒకచోట ఖాళీ ఉంది. పెద్దనాయన జేబు కిందికి వేలాడుతోంది.

"అమ్మవారితో పంతమా నాయనా?"

"పంతం లేదమ్మా. అన్నీ ఆయమ్మ ముందరే ఉండాయి. ఒకటి నా దగ్గర ఉండనీ."

"ఎందుకూ?"

"ఎవురికైనా మూచ్చు ఆగితే?"

మూచ్చు అంటే ఊపిరే. అవ్వ ప్రతి ఏడూ ఆ ఖాళీ దగ్గర ఒక పువ్వు పెట్టి, పెట్టేటప్పుడు గొణిగేది. ఆమెకు అది ఇంట్లో జరుగుతున్న అపచారమే. ఆయన ప్రతి ఏడూ ఆ రోజంతా స్నానానికి తప్ప చొక్కా విప్పకుండా, షెడ్డు ముందు స్టూలు మీద కూర్చునేవాడు. వీధిలో పిల్లలు, "పెద్దయ్యా, ఈ పొద్దు లీవు కాదా?" అని ఏడిపించేవాళ్లు. "అందరికీ లీవు కణ్ణు, ఊపిరికి లేదు" అనేవాడు.

ఏ ఏడూ ఆ స్పానరుతో పని పడలేదు. పూజ రోజున ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరినో కాపాడాడని రాయగలిగితే నాకు తృప్తిగా ఉండేది. అలా జరగలేదు. ఆయన ఊరికే సిద్ధంగా ఉన్నాడు, అంతే. ఎక్కాల్సిన మనిషి ఇక రాదని తెలిసీ, పొద్దున పొద్దునా బండిని మేలుకొలిపి, దాని ఊపిరి విని, ఆపేవాడు.

చివరి ఏడాది ఆయనకూ దగ్గు మొదలైంది. సెలవులకు వచ్చినప్పుడు మేకుకు ఉన్న ట్యూబు తీసి, "నేను వింటాను పెద్దనాయనా" అన్నాను. రబ్బరు ఎండి పగిలిపోయింది. ఆయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని మళ్లీ మేకుకే తగిలించాడు. "చదువుకో కణ్ణు. నువ్వు రాసేదాంట్లో మాటలు నడుమ నుంచి బిగించు" అన్నాడు. నేను ఈ పేజీలు ఎన్నిసార్లు విప్పి మళ్లీ బిగించానో ఆయన చూసి ఉంటే నవ్వేవాడు.

ఆయన పోయిన ఏడాదంతా మా ఇంట పండగలు లేవు. అయినా ఆయుధ పూజ రోజు అవ్వ పనిముట్లు కడిగింది. "మనకు పండగ లేదు గానీ, వాటికి విశ్రాంతి వద్దా?" అంది. ఆమెకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. ఒక్కొక్క స్పానరునూ వేళ్లతో తడిమి, అరిటాకు మీద దాని చోట పెట్టింది. స్నానం చేయించిన రోజు దొరికిన అరంగుళం స్పానరును నాన్న తెచ్చి, ఇక ఇది కూడా చేరాల్సిందే అన్నట్టు, వరసలో ఖాళీ ఉన్నచోట పెట్టాడు.

అవ్వ గంధం గిన్నె పట్టుకుని ఆ చివరి నుంచి బొట్లు పెడుతూ వచ్చింది. ఆ స్పానరు దగ్గరికి వచ్చి, వేళ్లతో తడిమి, ఆగింది. బొట్టు పెట్టలేదు. దాన్ని ఆకు మీది నుంచి తీసి, తెల్లచీర కొంగులో ముడి వేసుకుని, నడుముకు దోపుకుంది. ఖాళీ దగ్గర ఒక పువ్వు పెట్టింది.

తరవాత కర్ర పట్టుకుని వెళ్లి షెడ్డు ముందున్న స్టూలు మీద కూర్చుంది. లోపలికి రమ్మని ఎవరం పిలవలేదు. నేను గడపలో నిలబడి చూస్తుండగా, ఆమె కొంగు ముడి దగ్గర ఇంజను నూనె మరక మెల్లగా తెల్లచీరలోకి పాకుతోంది.